కొత్త సైకిలే కదా అని ఎక్కేయకండి, ముందు ఎడమ పెడల్ చూడండి

[ప్రెజెంటర్ నేరుగా కెమెరాతో, వెనక స్టాండు మీద కొత్త సైకిల్]

నమస్తే అండీ. సైకిల్ ఎక్కేముందు ఒకసారి చెక్ చేసుకోండి అని ఎప్పుడు చెప్పినా నాకు వచ్చే జవాబు ఒక్కటే: "మాది కొత్తదండీ, నిన్ననే కొన్నాం." ఈ మాట వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. ఎందుకంటే ఏడాదిగా తొక్కుతున్న సైకిల్‌లో వదులవ్వాల్సినవి ఎప్పుడో వదులైపోయి, ఎవరో ఒకరు మళ్ళీ బిగించి, అన్నీ ఒక కుదురుకి వచ్చేసి ఉంటాయి. కొత్తదాన్ని ఇంకా ఎవరూ తొక్కనే లేదు. అందులో తప్పు ఏదైనా ఉంటే అది మొదట తెలిసేది మీకే, అదీ రోడ్డు మీద.

మన దేశంలో సైకిళ్ళంటే లూధియానా. అక్కడినుంచి మీ ఊరి షాపుకి వచ్చేది పూర్తి సైకిల్ కాదు, అట్టపెట్టె. హ్యాండిల్ పక్కకి తిప్పి కట్టేసి ఉంటుంది, ముందు చక్రం విడిగా ఉంటుంది, పెడల్స్ రెండూ చిన్న కవర్లో ఉంటాయి. ఆన్‌లైన్లో కొనేటప్పుడు "85 శాతం బిగించి వస్తుంది" అని రాస్తారు, చూసే ఉంటారు. మిగతా 15 శాతం ఏంటో ఒకసారి ఆలోచించండి: హ్యాండిల్, ముందు చక్రం, ముందు బ్రేకు, పెడల్స్, సీటు. మనిషిని కింద పడేసేవన్నీ ఆ 15 శాతంలోనే ఉన్నాయి, అవి బిగించేది ఫ్యాక్టరీ కాదు, పండగ ముందు రోజు పది సైకిళ్ళు బిగించాల్సిన షాపు కుర్రాడో, పెట్టెలో వచ్చిన పల్చటి పానాతో కుస్తీపడే మీరో.

సరే, చెక్ చేస్తామని అన్నవాళ్ళు కూడా ఏం చేస్తారంటే, అన్నీ ఒకసారి పట్టుకుని ఊపి చూస్తారు. "ఆ, గట్టిగానే ఉంది." అయిపోయింది. ఇక్కడే నాకు అసలు పేచీ. గట్టిగా ఉండటం వేరు, సరిగ్గా కూర్చోవడం వేరు. ఈ ఒక్క తేడా అర్థమైతే ఈ వీడియోలో మిగతాదంతా మీకు మీరే చెప్పుకోగలరు. అది అర్థం కావడానికి సైకిల్ మొత్తంలో అన్నిటికంటే మంచి ఉదాహరణ ఎడమ పెడల్.

[క్లోజప్: చేతిలో రెండు పెడల్స్, మర గీతలు కనిపించేలా]

దగ్గరగా చూడండి. ఈ రెండూ ఒకేలా ఉన్నాయి కదా? కావు. మర గీతల వాలు చూడండి, కుడిదానికి ఒకవైపు వాలి ఉంటే ఎడమదానికి రెండోవైపు వాలి ఉంది. ఇరుసు మీద కుడిదానికి ఆర్, ఎడమదానికి ఎల్ అని ఇంగ్లీషు అక్షరం పొడిచి ఉంటుంది, కొన్నిటికి స్టిక్కరు ఉంటుంది. కుడి పెడల్ మనకి అలవాటైన నట్టులాగే కుడివైపు తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడల్ ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి తేలిక మార్గం: పానా పిడి పైకి ఉంచి, ఏ పక్క పెడలైనా సరే, ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు తిప్పితే ఊడుతుంది.

ఎందుకింత తతంగం, రెండిటికీ ఒకే మర పెట్టొచ్చు కదా అంటే, పెట్టకూడదు. మీరు తొక్కేటప్పుడు మీ బరువు ఇరుసుని క్రాంక్, అంటే పెడల్‌ని పట్టుకుని తిరిగే కడ్డీ, దాని రంధ్రంలో ఒక పక్కకి నొక్కుతుంది. క్రాంక్ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ నొక్కే చోటు రంధ్రం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. దాంతో ఇరుసు ఆ రంధ్రంలో కంటికి కనపడనంత కొంచెం కొంచెంగా వ్యతిరేక దిశలో దొర్లుతుంది. ఎడమవైపు మామూలు మర పెడితే ఆ దొర్లుడుకి పెడల్ దానంతట అదే ఊడి వస్తుంది. అందుకే అక్కడ మర తిరగేశారు, ఇప్పుడు అదే దొర్లుడు దాన్ని బిగిస్తుంది. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అంతకు ముందు అమెరికాలోని డేటన్‌లో సైకిళ్ళు తయారుచేసి అమ్మేవాళ్ళు, వాళ్ళ సైకిళ్ళకి కూడా ఎడమ పెడల్‌కి ఈ తిరగేసిన మరే ఉండేది. ఇంత చిన్న చోట ఇంత ఆలోచన ఉండటం నాకు ఎప్పుడు చూసినా అద్భుతంగానే అనిపిస్తుంది.

[క్లోజప్: మర చెడిపోయిన క్రాంక్ రంధ్రం]

ఇప్పుడు తప్పు ఎలా జరుగుతుందో చూడండి. ఈ సంగతి తెలియనివాళ్ళు ఎడమ పెడల్‌ని కుడివైపు తిప్పుతారు, ఎక్కదు. లేదా కుడి పెడల్ తెచ్చి ఎడమవైపు పెడతారు, ఎక్కదు. లేదా సరైన పెడలే కానీ కొంచెం వంకరగా పెడతారు, చొక్కాకి మొదటి గుండీ ఒక కాజా తప్పించి పెట్టుకున్నట్టు. ఎక్కనప్పుడు ఆగి చూడాలి కదా, ఆగరు, పానా వేసి బలం పెడతారు. పెడల్ ఇరుసు ఉక్కు. క్రాంక్ చాలా సైకిళ్ళలో అల్యూమినియం, మెత్తగా ఉంటుంది. ఉక్కు ఆ మెత్తటి దాన్ని కోసుకుంటూ లోపలికి పోతుంది. పూర్తిగా పోయాక పట్టుకుని ఊపండి, చెక్కుచెదరదు, మీ అంత గట్టిగా ఎవరూ బిగించలేదనిపిస్తుంది! కానీ లోపల మరే లేదు, ఉన్నది నుజ్జు. కొద్దిరోజులు తొక్కాక ఒకరోజు, సీటు మీదనుంచి లేచి బలంగా తొక్కుతున్న సమయంలో, పెడల్ ఆ నుజ్జుతో సహా ఊడి వస్తుంది. అప్పుడు క్రాంకే మార్చాలి, మోకాలి సంగతి వేరే.

కాబట్టి పెడల్‌కి నా నియమం ఏంటంటే, మర మీద కొంచెం గ్రీజు రాసి, మొదటి నాలుగైదు చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళతో తిరగకపోతే తప్పు పెట్టారని అర్థం, తీసేసి మళ్ళీ పెట్టండి. పూర్తిగా లోపలికి వెళ్ళాకే పానా, అప్పుడు గట్టిగా. షాపులో బిగించి ఇచ్చినా సరే, ఇరుసు మెడ క్రాంక్‌కి నిండా ఆనుకుందా, ఒకపక్క సందు కనిపిస్తోందా చూడండి. సందు ఉంటే వంకరగా ఎక్కినట్టే, అక్కడే నిలబడి సరిచేయించుకోండి.

[ముందు చక్రం దగ్గరకి]

ఇప్పుడు ఎడమ పెడల్ని బుర్రలో పెట్టుకుని ముందు చక్రానికి రండి. నట్లతో బిగించే చక్రమైతే ఇరుసు ఫోర్కు (చక్రాన్ని రెండుపక్కలా పట్టుకునే రెండు కాళ్ళ భాగం) గాళ్ళలో రెండుపక్కలా పూర్తిగా పైదాకా కూర్చుందా అని ముందు చూడాలి, ఆ తర్వాతే నట్టు. చక్రం ఒక పక్కకి వాలి ఉండగా నట్టు బిగించినా అది గట్టిగానే ఉంటుంది. గట్టిగా, తప్పుగా.

చేత్తో తీసి వేసే లీవరు ఉన్న చక్రం, అదే క్విక్ రిలీజ్, దీంతో ఇంకా జాగ్రత్త. దాన్ని చాలామంది నట్టులాగా గిరగిరా తిప్పి వదిలేస్తున్నారు. అది తిప్పేది కాదండీ, మడిచేది. లీవరు తెరిచి, అవతలి పక్క చిన్న నట్టుతో సర్ది, లీవరు సగం మడిచేసరికి, అంటే ఇరుసుకి తిన్నగా నిలబడినప్పుడు, బిగువు మొదలవ్వాలి. పూర్తిగా మడిస్తే అరచేతిలో దాని అచ్చు పడాలి. మడిచాక క్లోజ్ అన్న అక్షరాలు బయటికి కనపడాలి. ఇది చిన్న విషయం కాదు. 2015లో ట్రెక్ కంపెనీ అమెరికాలోనే సుమారు 9 లక్షల సైకిళ్ళు రీకాల్ చేసింది, కారణం ఈ లీవరే. సరిగ్గా మడవకుండా వదిలేస్తే అది మరీ వెనక్కి తెరుచుకుని ముందు డిస్క్ బ్రేకులో చిక్కుకునే వీలుంది, అలా పడి ఒకతను కాళ్ళూ చేతులూ రెండూ పడిపోయిన స్థితికి వెళ్ళాడు. ఆ లీవరు మూయడానికి పట్టేది రెండు సెకన్లు.

అక్కడే ఉన్నాం కాబట్టి ఫోర్కు కూడా చూసేయండి. ఇంట్లో బిగించుకున్నవాళ్ళలో నాకు తరచూ కనపడే తప్పు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండటం. ఎంతమంది ఫొటోలు పెడతారో, సైకిల్ మెరిసిపోతుంటుంది, ఫోర్కు మాత్రం వెనక్కి చూస్తుంటుంది. మామూలు రిమ్ బ్రేకైతే అది ఫోర్కుకి ముందువైపు ఉండాలి. డిస్క్ అయితే మీరు కూర్చున్నప్పుడు మీ ఎడమచేతి వైపు ఉండాలి. ఫోర్కు తిరగబడితే హ్యాండిల్ తిప్పినప్పుడు బూటు చక్రానికి తగులుతుంది, సైకిల్ తిన్నగా పోదు. ఇది కూడా ఊపి చూస్తే గట్టిగానే ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

[బ్రేకులు]

బ్రేకులు. లీవరు నొక్కితే చక్రం ఆగుతోంది కాబట్టి బాగున్నట్టే అనుకోవద్దు, కిందికి వంగి బ్రేకు రబ్బరు ఎక్కడ పడుతోందో చూడండి. రబ్బరు మొత్తం రిమ్ము మీదే పడాలి. పైకి జరిగి టైరుకి తగిలితే టైరు కోసుకుపోతుంది, కిందికి జారితే ఊచల్లోకి పోతుంది. లీవరు ఎంత గట్టిగా నొక్కినా హ్యాండిల్‌కి తగలకూడదు, మధ్యలో వేలు పట్టేంత సందైనా మిగలాలి. మన దగ్గర ఎక్కువగా కుడిచేతిది ముందు బ్రేకు, బైక్‌లో లాగే, అమెరికాలో అయితే ఎడమచేతిది ముందుది. అక్కడ ఉన్న మనవాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఇక్కడి అలవాటుతో అక్కడ కంగారుగా కుడిచేయి నొక్కితే పడేది వెనక బ్రేకు, ఎడమచేయి నొక్కితే ముందుది.

డిస్క్ బ్రేకు కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టదు, పాడైందని కాదు, ప్యాడ్ ఇంకా డిస్కుతో కుదురుకోలేదు. ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి స్పీడు అందుకుని, నడక స్పీడు దాకా బ్రేకు వేసి, పూర్తిగా ఆపకుండా వదిలేసి, ఇలా ఓ ఇరవైసార్లు చేయండి, మీకే తేడా తెలుస్తుంది. కీచుమంటోందని ఎవరైనా డిస్కు మీద నూనె కొట్టమంటే మాత్రం వినకండి, ప్యాడ్లు పారేయాల్సి వస్తుంది.

పిల్లల సైకిల్ అయితే ఇంకో పని. లీవరు దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, అది తిప్పితే లీవరు హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంది. పిల్ల చేతివేళ్ళు అందకపోతే ఎంత మంచి బ్రేకైనా లేనట్టే. ఇంకోటి, "రెండేళ్ళు పనికొస్తుంది కదా" అని పెద్ద సైజు కొనకండి దయచేసి. సైకిల్ నేర్చుకునే పిల్లకి సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందాలి. రెండేళ్ళ తర్వాతి కాళ్ళతో ఇవాళ తొక్కలేదు.

[ప్రెజెంటర్ టైమ్ చూసుకుంటూ]

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. హ్యాండిల్: ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య గట్టిగా పట్టుకుని హ్యాండిల్ తిప్పండి, చక్రం తిరక్కుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే బిగించాలి. తర్వాత ముందు బ్రేకు నొక్కిపట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, హ్యాండిల్ మెడ దగ్గర టక్‌టక్ అంటే అక్కడ లూజుంది. హ్యాండిల్‌ని పట్టే నాలుగు బోల్టులుంటే ఒక్కోదాన్నీ పూర్తిగా బిగించుకుంటూ పోకుండా, ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించండి, సందు అన్నివైపులా సమానంగా ఉండాలి.

సీటు రాడ్డు మీద ఒక గీత ఉంటుంది, ఇంతకంటే పైకి లేపొద్దని. ఆ గీత లోపలే ఉండాలి, బయటికి కనపడకూడదు. పాతరకం హ్యాండిల్ రాడ్డు మీద కూడా అదే గీత ఉంటుంది. పెద్దవాళ్ళకి సీటు ఎత్తు ఎంతంటే, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు తిన్నగా అవ్వాలి.

గాలి: ఎంత కొట్టాలో టైరు పక్కనే పీఎస్ఐ అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, చదివి కొట్టండి. వేలితో నొక్కి చూసి చెప్పొద్దు. పెట్రోల్ బంకు కంప్రెసర్‌తో కొట్టేటప్పుడు జాగ్రత్త, సైకిల్ ట్యూబ్ చాలా చిన్నది, బైక్‌కి పట్టినట్టు పట్టి ఉంచితే పేలిపోతుంది. చేతి పంపే మేలు.

చక్రాలు ఎత్తి తిప్పండి, రిమ్ము అటూఇటూ ఊగితే బెండ్ తీయించాలి. చైన్, గేర్లు: వెనక చక్రం ఎత్తి తొక్కుతూ ఒక్కో గేరూ మార్చండి, మొదటి గేర్లో చైన్ ఊచల వైపు పడిపోకూడదు. రిఫ్లెక్టర్లు తీసి పారేయకండి, ముందు తెల్లది, వెనక ఎర్రది, పెడల్స్‌కి ఉన్నవి కూడా. అందం తగ్గుతుందని పీకేస్తున్నారు, రాత్రి లారీ డ్రైవర్‌కి కనపడేది అవే. బెల్లు ఉండాలి.

మొదటిసారి తొక్కేది మీ వీధిలోనే, నెమ్మదిగా, రెండు బ్రేకులూ విడివిడిగా వేసి చూస్తూ. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ తెరిచారు, కార్ల గొడవ లేకుండా అక్కడ అలవాటు చేసుకోవచ్చు, కానీ పైన చెప్పినవన్నీ ఇంట్లో చూసుకున్నాకే.

చివరిది, దీన్ని వదిలేయకండి. కొత్త వైర్లు మొదటి కొద్ది వారాల్లో సర్దుకుంటాయి, బ్రేకు లీవరు లోతుకి వెళ్తుంది, గేర్లు తప్పుతాయి, ఊచలు కూడా కాస్త వదులవుతాయి. ఇది సైకిల్ లోపం కాదు. చాలా షాపులు మొదటి సర్వీసు ఫ్రీగా చేస్తాయి, దానికి తప్పకుండా వెళ్ళండి, వెళ్ళినప్పుడు "అంతా ఒకసారి చూడండి" అని వదిలేయకుండా పెడల్స్, ముందు చక్రం, హ్యాండిల్ బోల్టులు, రెండు బ్రేకు వైర్లు అని పేరుపేరునా చెప్పి, పక్కనే నిలబడి చేయించుకోండి.