ఒకేలా కనిపించే సెల్స్‌ని విడగొట్టేదెలా? (గుంటూరులో బయోటెక్నాలజీ స్టూడెంట్స్‌తో)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం, అందుకే సూటిగా బొడ్డుతాడు దగ్గరికే వచ్చేస్తాను.

కాన్పయ్యాక మాయతో పాటు పారేసే ఆ తాడులో రెండు ధమనులు, ఒక సిర, వాటి చుట్టూ జెల్లీ ఉంటాయి. తల్లి ఒప్పుకుని సంతకం పెట్టి, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ కూడా ఉంటే మన జీజీహెచ్ (గుంటూరు ప్రభుత్వాసుపత్రి) లాంటి పెద్దాసుపత్రి నుంచి తెచ్చుకోవచ్చు. సిర లోపలి గోడకి ఒకే ఒక్క పొర ఎండోథీలియల్ సెల్స్ ఉంటాయి, 1973లో ఎరిక్ జాఫ్ అనే పరిశోధకుడి టీమ్ వీటిని పెంచే పద్ధతి చూపించింది. సిరలోకి సన్న గొట్టం పెట్టి, రక్తం పోయేదాకా సెలైన్‌తో కడిగి, కొలాజినేజ్ అనే, సెల్స్‌ని గోడ నుంచి విడదీసే ఎంజైమ్ నింపి, రెండు చివర్లూ క్లాంప్ చేసి, 37 డిగ్రీల్లో పది పదిహేను నిమిషాలు ఉంచుతారు. ఇక్కడ టైమే ప్రాణం. ఎక్కువసేపు వదిలేస్తే కింది పొర కూడా కరిగి కండర కణాలు, ఫైబ్రోబ్లాస్టులు (కణజాలాన్ని కలిపి ఉంచే పీచుని తయారుచేసే సెల్స్) వచ్చేస్తాయి, అవి గబగబా పెరిగి ఫ్లాస్కు మొత్తం ఆక్రమిస్తాయి. ఎండోథీలియల్ సెల్స్ రాళ్లు పరిచిన బాటలా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, మధ్యలో పొడుగ్గా సాగినవి కనిపిస్తే అనుమానపడాలి, ఎండోథీలియల్ సెల్స్‌ని గుర్తుపట్టించే సీడీ31 అనే మార్కర్ (సెల్ పైన ఉండే ప్రోటీన్) ఉందో లేదో చూసుకోవాలి. ఎండోథీలియల్ సెల్స్, ఫైబ్రోబ్లాస్టులు, ఈ జతని విడగొట్టడం తేలికే.

కష్టమంతా జెల్లీలోంచి వచ్చే ఎంఎస్సీలతో, అంటే చాలామంది స్టెమ్ సెల్స్ అని పిలిచే మీసెంకైమల్ స్ట్రోమల్ సెల్స్‌తో. 2006లో అంతర్జాతీయ సెల్ థెరపీ సొసైటీ కనీస షరతులు పెట్టింది: ప్లాస్టిక్‌కి అంటుకోవాలి, సీడీ73, సీడీ90, సీడీ105 ఉండాలి, సీడీ45, సీడీ34 లాంటివి ఉండకూడదు, ల్యాబ్‌లో కొవ్వు, ఎముక, మృదులాస్థి సెల్స్‌గా మారగలగాలి. బానే ఉంది, కానీ చర్మం నుంచి తీసిన మామూలు ఫైబ్రోబ్లాస్టుల్ని సెల్స్ మీది మార్కర్లని లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్లో పెట్టి చూడండి, ఆ మూడు మార్కర్లూ వాటి మీదా కనిపిస్తాయి! సీడీ105 అయితే ఎండోథీలియల్ సెల్స్ మీదా ఉంటుంది. అలాంటప్పుడు ఒక్క గ్రాఫ్ చూసి స్టెమ్ సెల్స్ దొరికాయని ఎలా అంటాం?

అందుకే పక్కన ఫైబ్రోబ్లాస్టుల ఫ్లాస్కు ఒకటి తప్పనిసరిగా పెట్టండి, అదే మీడియం (సెల్స్‌ని పెంచే ద్రవం), అదే పాసేజ్ (ఎన్నోసారి కొత్త ఫ్లాస్కులోకి మార్చామో ఆ లెక్క). రెండిటికీ కొవ్వుగా మార్చే మీడియం రెండు మూడు వారాలు ఇచ్చి కొవ్వుకి పట్టే ఆయిల్ రెడ్ ఓ రంగు వేయండి, ఎముక వైపు మార్చిన వాటికి కాల్షియంకి పట్టే అలిజరిన్ రెడ్. కొన్ని ఫైబ్రోబ్లాస్టులు కూడా ఎంతో కొంత మారతాయి కాబట్టి రంగు వచ్చిందా లేదా అని కాదు, ఏ ఫ్లాస్కులో ఎంత వచ్చిందో కొలిచి పోల్చాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం మన పెద్దవాళ్లు. మోకాళ్ల నొప్పికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అంటే పొలం అమ్మైనా కట్టేస్తారు, సిరంజిలో ఉన్నవి ఏ సెల్సో అడగరు. రక్తానికి సంబంధించిన జబ్బులకి ఇచ్చే మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యం ట్రయల్ బయట ఇవ్వకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ స్పష్టంగా చెప్పాయి, ఈ సంగతి ఇంట్లో వాళ్లకి చెప్పండి. మీ రికార్డులో మాత్రం ఫైబ్రోబ్లాస్ట్ కంట్రోల్ రిజల్ట్ పక్కన లేకుండా ఎంఎస్సీ అని రాయకండి, అప్పటిదాకా జెల్లీ నుంచి వచ్చిన అంటుకునే సెల్స్ అని, పాసేజ్ నంబర్ వేసి రాస్తే చాలు.