నాన్నగారి ఇల్లు, అమెరికా ఫారం

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఏ అపార్ట్‌మెంటుకెళ్ళినా పెద్దవాళ్ళిద్దరే ఉండే ఫ్లాట్లు రెండో మూడో కనిపిస్తాయి. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. ఫారిన్‌లో ఉన్న చుట్టాలంటే మనకి వాళ్ళే. అమెరికా పన్నుల శాఖ లెక్కలో మాత్రం ఫారిన్ చుట్టాలం మనమే!

మొన్న ఓ పెద్దావిడ నా ఆఫీసుకొచ్చారు. చీరల షాపు సంచిలోంచి భర్త డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సేల్ డీడ్ జిరాక్సు ఒక్కొక్కటే తీసి బల్లమీద పరిచారు. సీతమ్మధారలో ఆయన పేరుమీదున్న ఇల్లు అమ్మి, అమ్మాయి వాటా డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి పంపేశారు. "వారసత్వానికి టాక్స్ లేదన్నారు కదా బాబూ, మళ్ళీ ఈ అమెరికా ఫారం గొడవేటి?" అన్నారు.

ఆవిడన్నది నిజమే. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. ఇక్కడి తండ్రి ఆస్తి అక్కడి కూతురికొస్తే, అమెరికా కూడా దాన్ని ఆమె ఆదాయంగా లెక్కెయ్యదు. పన్ను కట్టక్కర్లేదు గానీ, వచ్చిందని చెప్పి తీరాలి. చిక్కంతా అక్కడే.

ఆ ఫారం నంబరు 3520. ఒక క్యాలెండర్ ఏడాదిలో ఇక్కణ్ణుంచి వారసత్వంగా గానీ బహుమతిగా గానీ లక్ష డాలర్లు దాటి అందితే అది వెయ్యాలి. నాన్న వాటా అరవై వేలు, అమ్మ ఇచ్చింది యాభై వేలు, దేనికది లక్ష లోపే కదా అంటే కుదరదు, రెండూ కలిపే చూస్తారు. సిటిజన్‌షిప్, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే అనుకోకండి. హెచ్1బీ మీద ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు కూడా పన్ను లెక్కలో అక్కడి రెసిడెంట్లే. మరుసటి ఏడాది ఏప్రిల్ 15 గడువు. రిటర్నుకి ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబర్ 15 దాకా ఉంటుంది. రిటర్నుతో కలిపి పంపేది కాదిది, విడిగా పోస్టులో పంపాలి.

మరిచిపోతే? నెలకి 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా. రెండు లక్షల డాలర్లు వచ్చాయనుకోండి, పన్నేమీ లేని డబ్బుమీద యాభై వేల డాలర్లు పోవచ్చు! ఆలస్యానికి రాసిన కారణం చదవకుండానే జరిమానా వేసేసే పద్ధతి మానేస్తున్నామని 2024లో అక్కడి శాఖ ప్రకటించింది. అలాగని కారణాలు వెతుక్కుంటూ కూర్చోలేం కదా.

అమ్మాయి ఆ డబ్బుని ఇక్కడి ఎన్ఆర్‌ఓ ఖాతాలోనే, అంటే విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి ఇక్కడుండే బ్యాంకు ఖాతాలోనే ఉంచినా, ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటితే అమెరికాకి ఎఫ్‌బార్ అని ఇంకో రిపోర్టు ఇవ్వాలి. అది ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

ఇల్లు అమ్మినప్పటి లెక్క వేరు. వారసత్వానికి పన్ను లేదు గానీ, అమ్మకంలో వచ్చిన లాభానికి ఉంది. ఇక్కడ నాన్నగారు కొన్న ధర నుంచి లాభం లెక్కేస్తారు. అమెరికాలోనేమో ఆయన పోయిన రోజున ఇంటికున్న మార్కెట్ ధర నుంచి లెక్కేస్తారు. ఎప్పుడో చవగ్గా కొన్న ఇంటికి ఈ తేడా లక్షల్లో ఉంటుంది. అందుకే ఆ తేదీకి ధర ఎంతో రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రాయించి పెట్టుకోండి. పెద్దకర్మ అవగానే ధరల మాటేంటని మొహమాటపడతాం గానీ, ఐదేళ్ళ తర్వాత ఆ ధర నిరూపించాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

ఇక అటునుంచి ఇటొచ్చే డబ్బు. అమెరికాలో బాబాయి పోయి మీకేదైనా రాసిస్తే ఇక్కడ పన్ను లేదు. కానీ ఆ డబ్బున్న ఖాతా అక్కడే మీ పేరుమీద ఉంచుకుంటే, ఇక్కడి రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాల్సిందే. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా సరే. దాచితే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడొచ్చు.

పెద్దావిడ సంచి అడుగున బ్యాంకు స్లిప్పు దొరికింది. డబ్బు వెళ్ళింది కిందటి నవంబర్‌లో. "రిటర్నుకి ఎక్స్‌టెన్షన్ తీసుకుందో లేదో అడగండమ్మా" అన్నాను. సాయంత్రం ఆరున్నర. డల్లాస్‌లో అప్పుడే తెల్లారి ఉంటుందంటూ ఆవిడ ఫోన్ తీశారు.