తాత కారు, మనవడి కారు: మా ఆయనతో నా పేచీ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? టైం పొద్దున ఆరున్నర. శనివారం ఈ టైంకి నేను లేచానంటే ఇండియా నుంచి ఎవరైనా ఫోన్ చేసి ఉండాలి, లేదా మా ఆయనకి కార్ల మీట్ ఉండాలి. ఇవాళ రెండోది. దక్షిణ కాలిఫోర్నియాలో ఇదొక సరదా. ఏదో ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో పొద్దున్నే పాత కార్లూ కొత్త కార్లూ తెచ్చి నిలబెడతారు. కాఫీ తాగుతూ బానెట్లు ఎత్తి చూసుకుంటారు. ఎండెక్కేలోపు ఎవరిళ్ళకి వాళ్ళు. నాకైతే మన పశువుల సంత గుర్తొస్తుంది. ఇక్కడ పళ్ళు చూడరు, ఇంజిన్ చూస్తారు, అంతే.

ఇంతకీ సంగతేంటంటే, మా ఆయన రెండేళ్ళుగా కొత్త నిస్సాన్ జెడ్ అనే స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డారు. ఇక్కడివాళ్ళు 'జీ' అంటారు, మనం జెడ్ అనే అనుకుందాం. "ఇది 1970 నాటి డాట్సన్ 240 జెడ్‌కి అసలైన వారసుడు, తెలుసా?" అని రోజూ భోజనాల దగ్గర నాకు పాఠం. డాట్సన్ కూడా నిస్సాన్ వాళ్ళ బ్రాండేనట. ఆ పేరు అనగానే నాకు మాత్రం చెన్నై దగ్గర ఒరగడంలో తయారైన ఆ చిన్న డాట్సన్ గో గుర్తొస్తుంది. 2014లో వచ్చింది, 2022కల్లా ఆ పేరే ఎత్తేశారు. ఆ పేరు మీద ఒకప్పుడు అమెరికా వెర్రెత్తిపోయిందంటే ఎలా నమ్మను?

ఇవాళ నమ్మాను. అదిగో, ఆ ఆరెంజ్ రంగు కారు చూశారా? అదే 240 జెడ్. ఎంత చిన్నదో చూడండి! ముందు పొడుగాటి ముక్కు, వెనక జారిపోయే నడుం. ఓనరు డెబ్బై దాటిన పెద్దాయన. నేను కెమెరా పట్టుకుని చుట్టూ తిరుగుతుంటే, "కూర్చుంటావా?" అని డోర్ తీశారు. కూర్చున్నాక చోక్ లాగి స్టార్ట్ చేశారు. రెండు కార్బురేటర్లు, ఆ పచ్చి పెట్రోలు వాసన... ఒక్క క్షణం నేను మా ఇంటి ముందు వాకిట్లో ఉన్నాను. చలికాలం పొద్దున నాన్న చేతక్‌ని పక్కకి వంచి, చోక్ లాగి, కిక్ మీద కిక్ కొడుతున్నట్టే ఉంది. అమెరికాలో ఈ వాసన దొరుకుతుందని అనుకోలేదండీ.

ఈ కారు వెనక ఒక మనిషి ఉన్నారు. పేరు యుటాకా కటయామా, అందరూ మిస్టర్ కె అనేవారు. 1960లో నిస్సాన్ ఆయన్ని అమెరికా పంపింది. లాస్ ఏంజెలెస్ పక్కన గార్డెనాలో ఆఫీసు, మా ఇంటి నుంచి ట్రాఫిక్ లేకపోతే గంట దూరం (ట్రాఫిక్ లేకపోవడం అనేది ఇక్కడ జరగదు, అది వేరే సంగతి). జపాన్‌లో ఈ కారు పేరు ఫెయిర్‌లేడీ. ఆ పేరుతో అమెరికాలో స్పోర్ట్స్ కారు ఎవడు కొంటాడని, వచ్చిన కార్లకి ఆ బ్యాడ్జీలు పీకించి 240 జెడ్ అని పెట్టించారు. 2.4 లీటర్ల ఇంజిన్ కాబట్టి 240. ధర 3,526 డాలర్లు. అదే రోజుల్లో పోర్షా 911 కావాలంటే దాదాపు రెట్టింపు పెట్టాలి. నెల జీతం మీద బతికేవాళ్ళు కూడా కొనుక్కుని ఖరీదైన కార్ల పక్కన దర్జాగా నిలబెట్టుకున్నారు. కటయామా 2015లో, 105 ఏళ్ళ వయసులో పోయారు.

సరే, ఇప్పుడు మనవడి దగ్గరికి వద్దాం. నాలుగు కార్ల అవతల నీలం రంగు కొత్త జెడ్ ఉంది. పోలికలు దిగిపోయాయి, నిజమే. అదే ముక్కు, వెనక కిటికీ పక్కన స్తంభం మీద అదే గుండ్రటి జెడ్ గుర్తు, డాష్‌బోర్డు మీద మూడు మీటర్లు. ఎవరైనా "అచ్చం తాతే" అంటారు. కానీ 400 హార్స్‌పవర్, ఇంజిన్‌లోకి గాలి ఎక్కించి బలం పెంచే టర్బోలు రెండు, బరువు దాదాపు 1,600 కిలోలు. తాత బరువు సుమారు 1,050. ధర చూస్తే 40 వేల డాలర్ల పైమాటే. పైగా పోయిన నెల ఒక డీలర్ కంపెనీ వేసిన స్టిక్కర్ ధర మీద ఇంకో 5 వేలు అతికించి మరీ నవ్వుతూ చెప్పాడు!

ఇక్కడే నేనొక లెక్క వేశాను. 1970 నాటి 3,526 డాలర్లంటే ఇప్పటి విలువలో సుమారు 28, 29 వేలు. ఆ డబ్బుకి దగ్గర్లో ఇప్పుడేం దొరుకుతుంది? టయోటా జీఆర్ 86. విచిత్రం ఏంటంటే దాని ఇంజిన్ కూడా 2.4 లీటర్లే! 228 హార్స్‌పవర్, 1,275 కిలోలు, టర్బో లేదు, వెనక చక్రాలు తోస్తాయి. బరువు ఒక్కటే చూస్తే మాజ్డా మియాటా ఇంకా దగ్గర, 1,060 కిలోలే, కానీ అది టాప్ లేని బండి, దానికి స్ఫూర్తి పాత ఇంగ్లండ్ స్పోర్ట్స్ కార్లు. 86కి కూడా సొంత తాత వేరే ఉన్నాడు, 1983 నాటి ఏఈ 86. అయినా నేను దాన్ని 240 జెడ్‌కి మనవడిగా దత్తత ఇప్పించేస్తున్నాను.

ఊరికే అనట్లేదు, పోయిన వారం రెండూ నడిపాను. మారుతి 800 మీద క్లచ్ నేర్చుకున్న ప్రాణం, గేర్ల బండి దొరికితే వదలదు. జెడ్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే వీపు సీటుకి అతుక్కుంది, ఆ వెంటనే సిగ్నల్ వచ్చింది. ఆ బలమంతా ఎక్కడ వాడాలి? 86 అలా కాదు. కొండ మలుపుల్లో రెండో గేరు, మూడో గేరు, ఇంజిన్ చివరిదాకా అరిచినా స్పీడ్ లిమిట్ దగ్గర్లోనే ఉన్నాను. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరిగింది. నాకు నవ్వు ఆగలేదు.

"మరి సౌండ్?" అన్నారు మా ఆయన. అదొక్కటి ఆయన మాటే నెగ్గింది. తాతది ఆరు సిలిండర్ల గొంతు, కొత్త జెడ్‌దీ ఆరే. 86ది నాలుగు సిలిండర్ల సుబారు ఇంజిన్, పైగా స్పీకర్లలోంచి ఇంజిన్ చప్పుడు కలిపి వినిపిస్తారు. మిక్సీ ఆన్ చేసి సన్నాయి అన్నట్టుంది.

ఆరెంజ్ కారు పెద్దాయన్నే అడిగేశాను, ఇప్పుడైతే రెండింట్లో ఏది కొంటారని. ఆయన నీలం జెడ్ వైపు ఒకసారి చూసి, అందంగా ఉంది అన్నారు. తర్వాత, "నేను ఇది కొన్నప్పుడు స్కూల్లో టీచర్ని" అన్నారు. మా ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ నిలబడ్డారు.

86లో వెనక రెండు సీట్లున్నాయని మురిసిపోయాను కానీ, టెస్ట్ డ్రైవ్‌లో మా ఎనిమిదేళ్ళ బాబుని కూర్చోబెట్టాం. "అమ్మా, నా మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు. కాబట్టి ప్రస్తుతానికి మా పాత మినీవ్యాన్‌లోనే ఇంటికి వెళ్తున్నాం. దారిలో ఇండియన్ స్టోర్‌లో సోనామసూరి బస్తా తీసుకోవాలి. తొమ్మిదింటికి వీడికి ఈత క్లాసు, లేట్ అయిపోతోంది. ఉంటానండీ.