ఒంటి మీద దెబ్బ లేని గాయం

శ్రోతలందరికీ నమస్కారం.

అది 2006 నవంబర్. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం. ఇంకా తెల్లవారలేదు. స్టేట్ పోలీసు అధికారి ఒకాయన కారులో డ్యూటీకి వెళ్తున్నాడు. నల్లబట్టల్లో ఉన్న ఒక మహిళ ఉన్నట్టుండి కారుకు అడ్డంగా పరుగెత్తుకొచ్చింది. కారు ఆమెను ఢీకొట్టింది. ఆయన కిందికి దిగి, ఆమె నోట్లోకి ఊపిరి ఊదాడు. వెనక వస్తున్న బండ్లు ఆమె మీదికి ఎక్కకుండా చూశాడు. అయినా ఆమె దక్కలేదు.

ఆ తర్వాత ఆయన ఉద్యోగం చేయలేకపోయాడు. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్, అంటే కళ్లారా చూసిన ఘోరం మనసును వదలకపోవడం. నిద్ర పట్టదు, పట్టినా అదే కల.

పనిలో దెబ్బ తగిలితే తప్పెవరిదని చూడకుండా వైద్యం ఖర్చు, జీతంలో కొంత భాగం ఇవ్వడమే కార్మిక నష్టపరిహారం. ఆయన అదే అడిగాడు. శరీరానికి గాయం లేకుండా మనసు మాత్రమే దెబ్బతింటే, అక్కడొక షరతు ఉండేది. జరిగింది ఆ ఉద్యోగంలో మామూలుగా జరిగేది కాకూడదు. పోలీసుకు చావులు, నెత్తురు మామూలే కదా అని కింది కోర్టు పరిహారం కాదంది.

ఈ వాదన నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. ఎంత ఘోరమైన పని చేస్తే అంత తక్కువ హక్కా? పోలీసువాడివి, గుండె రాయి చేసుకో అని బయటివాళ్లు అంటే సరే, చట్టం కూడా ఆ మాటే అనాలా?

పైగా గాయం ఒక్క రోజులోనే తగలాలని లేదు. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల వివరాలు కేసు తర్వాత కేసుగా వినే పోలీసులకు కూడా ఈ జబ్బు రావచ్చని అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం 2013లో ఉదాహరణగా చెప్పింది. అలాంటి మనిషిని ఏ కేసు వల్ల, ఏ తేదీన అని అడిగితే ఏం చెప్తాడు?

అందుకే కెనడాలోని ఒంటారియో 2016లో దారి మార్చింది. పోలీసులకు, అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బందికి ఈ జబ్బు ఉందని మానసిక వైద్యుడో సైకాలజిస్టో నిర్ధారిస్తే చాలు, అది ఉద్యోగం వల్లే వచ్చిందని ముందుగానే అనుకుంటారు. కాదనేవాళ్లే కాదని చూపాలి. 2020 నుంచి కాలిఫోర్నియాలోనూ ఇలాంటి చట్టం ఉంది. ఇందులో పెద్ద మేలు డబ్బొక్కటే కాదు. నలిగిపోయిన మనిషి అందరి ముందూ ఆ ఘోరాన్ని మళ్లీ మళ్లీ తవ్వుకునే బాధ తగ్గుతుంది.

పెన్సిల్వేనియా అధికారి సంగతంటారా? 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అప్పటికి ఏడేళ్లయింది. 2024లో అక్కడి చట్టసభ పోలీసుల్లాంటి వాళ్లకు ఆ షరతునే తీసేసింది. కానీ పరిహారం 104 వారాలకు మించి ఇవ్వరు. విరిగిన కాలు అతుక్కోవడానికి ఎన్నాళ్లు పడుతుందో వైద్యులు చెప్పగలరు. మనసుకు రెండేళ్లని ఎవరు గడువు పెట్టగలరు?