కిరసనాయిల్లో ఆలివ్ పండు ఎక్కడిది?

(తెర మీద: సీసాలో నీలి కిరసనాయిలు)

రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని క్యూలో నిలబడ్డవాళ్లకి ఈ రంగు, ఈ వాసన చెప్పక్కర్లేదు. కిరసనాయిలు! తెలంగాణలో చాలా ఊళ్లలో గ్యాసునూనె. ఇవాళ దీని ధర గురించి కాదు, పేరు గురించి మాట్లాడుకుందాం.

కెనడాలోని నోవా స్కోషియాలో 1797లో పుట్టిన అబ్రహాం గెస్నర్ చదివింది వైద్యం, కానీ మనసంతా రాళ్ల మీదే. అప్పట్లో మంచి దీపం వెలగాలంటే తిమింగలం నూనె కావాలి, అదేమో ఖరీదు. ఈయన బొగ్గునీ, తారులాంటి నల్లరాయినీ బట్టీ పెట్టి, వచ్చిన ఆవిరిని చల్లార్చి, ఆ నూనెని ఆమ్లంతో, సున్నంతో శుద్ధి చేశాడు. 1846లో షార్లెట్‌టౌన్‌లో జనం ముందు వెలిగించి చూపించాడు కూడా.

మరి పేరో? గ్రీకులో కేరోస్ అంటే మైనం, ఎలైయాన్ అంటే నూనె. రెండూ అతికించి మొదట 'కెరోసెలైన్' అన్నాడు. నోరు తిరగదు కదా! పైగా అప్పటికే 'కాంఫీన్' అనే దీపం నూనె బజార్లో బాగా తెలిసిన సరుకు, కాబట్టి దాని తోక తగిలించి 'కెరోసిన్' చేశారు. అలా ఒక కంపెనీ సరుకు పేరుగా మొదలైంది, తర్వాత అందరిదీ అయిపోయింది.

(ఇక్కడ కాస్త ఆగి)

గమనించారా, కుదించినప్పుడు పోయింది నూనె అనే ముక్కే! మన దగ్గరికి వచ్చేసరికి 'ఆయిలు' మళ్లీ వచ్చి చేరింది. తమాషా ఏంటంటే ఆ ఆయిల్ కూడా ఎలైయాన్ మనవరాలే, లాటిన్‌లో ఓలియం అయ్యి, ఫ్రెంచి వాళ్ల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అంటే గెస్నర్ తీసేసిన మాటనే మనం తెలియకుండా తెచ్చి అతికించాం.

ఎలైయాన్ అసలు అర్థం ఆలివ్ నూనె. అంటే కిరసనాయిల్ని విడదీస్తే మైనమూ, ఆలివ్ పండూ!

నవ్వకండి, గ్యాసునూనె అన్నవాళ్లూ తప్పించుకోలేరు. నూనె అంటే నువ్వుల నెయ్యి కదా, ఆ లెక్కన మీ లాంతర్లో పోసింది గ్యాసు నువ్వుల నెయ్యి.