మొఘల్-ఎ-ఆజమ్ మ్యూజికల్: సినిమా గొప్పా, స్టేజీ గొప్పా? మావాళ్ల గొడవ

నమస్తే అండీ. నాటకం కోసం బెంగళూరు నుంచి ముంబై దాకా వెళ్లారా అని ఆఫీసులో అందరూ నవ్వారు. వెళ్లాం మరి! నేనొక్కదాన్నే కాదు, మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం కొందరం జట్టుగా వెళ్లాం. చూసింది 'మొఘల్-ఎ-ఆజమ్' మ్యూజికల్. తిరిగొచ్చాక మొదలైన వాదన ఇంకా ఆగలేదు. అందుకే ఈ రివ్యూలో నా మాటతో పాటు వాళ్ల మాటా వినండి.

తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు. అక్బర్ కొడుకు సలీమ్, నర్తకి అనార్కలి ప్రేమకథతో కె. ఆసిఫ్ తీసిన సినిమా 1960లో వచ్చింది. దాన్ని ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ 2016లో ముంబైలోని కళాకేంద్రం ఎన్‌సీపీఏలో స్టేజీ ఎక్కించారు. అప్పట్లో సినిమాకి డబ్బు పెట్టిన షాపూర్‌జీ పల్లోంజీ వాళ్లే ఎన్‌సీపీఏతో కలిసి దీన్నీ నిర్మించారు. దుస్తులు మనీష్ మల్హోత్రావి. నృత్యాలు మాత్రం మన బెంగళూరు మయూరి ఉపాధ్యవి.

ఇక పాట సంగతి. అనార్కలి వేసిన నటే పాడుతుంది. ప్లేబ్యాక్ లేదు, పెదాలు కదపడం లేదు. సినిమాకి సంగీతం ఇచ్చిన నౌషాద్ బాణీలంటే మాటలా? సినిమాలో పాడిన లతా మంగేష్కర్ గొంతు అందరి చెవుల్లోనూ ఉంటుంది. దాన్ని తట్టుకుని, నటిస్తూ, స్టేజీ మీద తిరుగుతూ పాడాలి. మాతో వచ్చిన ప్రొద్దుటూరు మావయ్య ఒక పాట అయిపోగానే "వన్స్ మోర్" అనబోయి, చుట్టూ చూసి ఆగిపోయాడు. పద్య నాటకాలు చూసి పెరిగిన మనిషి కదా! తర్వాత అంటాడూ, "ఇందులో వింతేముంది? మన సురభి వాళ్లు 1885 నుంచీ పాడుతూనే నటిస్తున్నారు" అని. నిజమే. కానీ మావయ్యా, నువ్వు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

అసలు గొడవ శీష్ మహల్, అంటే అద్దాల మహల్ పాట దగ్గర వచ్చింది. సినిమా చాలా భాగం నలుపు తెలుపు, ఆ పాట రంగుల్లో ఉంటుంది. పైన అద్దాలన్నిటిలోనూ అనార్కలి వేసిన మధుబాలే. మా పక్క ఫ్లాట్ పిన్నిగారికి అది చిన్నప్పటి నుంచీ ప్రాణం. "ఆ అద్దాలేవమ్మా? వెనక బొమ్మలు వేసి ముందు గెంతితే అయిపోతుందా?" అన్నారు. కథక్ నేర్చుకునే మా ఫ్రెండ్‌కి కోపమొచ్చింది. "గెంతడం ఏంటండీ? అంతమంది ఒకేసారి చక్కర్లు తిరిగి, ఒకేసారి ఆగారు. సినిమాలో అయితే తప్పు పోతే మళ్లీ తీస్తారు, ఇక్కడ రెండో టేక్ లేదు" అంది. నేను ఈ అమ్మాయి పక్షం. అందరి ఘాగ్రాలూ ఒక్కసారిగా విచ్చుకున్నప్పుడు నాకు అద్దాలు గుర్తుకే రాలేదు.

ప్రొజెక్షన్ల మీద మాత్రం పిన్నిగారి మాటలో సగం ఒప్పుకుంటా. కోట, దర్బారు మారేటప్పుడు బాగున్నాయి. కానీ కొన్నిచోట్ల మనిషి కంటే వెనక బొమ్మే మెరిసిపోతుంటే చూపు అటే పోతుంది. నాటకానికి వచ్చింది మనిషిని చూడ్డానికి కదా!

అక్బర్ విషయంలో పిన్నిగారిని ఎవరూ కదిలించలేరు. 1955 తెలుగు 'అనార్కలి'లో ఎస్వీ రంగారావుగారిని చూసినవాళ్లు ఇంకెవర్నీ ఒప్పుకోరట. పోటీ ఈ సినిమాలో అక్బర్ వేసిన పృథ్వీరాజ్ కపూర్‌తోనే అనుకున్నా, మధ్యలో రంగారావుగారు కూడా దిగారు! పాపం స్టేజీ మీద అక్బర్ వేసిన నటుడు. నాకైతే అక్బర్, సలీమ్ తండ్రీ కొడుకులు ఎదురుపడే సీన్లే నాటకానికి బలం అనిపించాయి. పాటలు, డాన్సులు లేవు, ఇద్దరు మనుషులూ గొంతులూ అంతే. హాలు హాలంతా బిగుసుకుపోయింది.

మనకి ఇబ్బంది ఉర్దూ. పక్కన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేస్తారు. మా జట్టులో హైదరాబాద్ కుర్రాడు మాట పడగానే "వాహ్" అంటాడు. గుంటూరుదాన్ని నేను చదివి, అర్థం చేసుకుని తల తిప్పేసరికి ముఖంలో భావం మారిపోయి ఉంటుంది. ఒక రెండు సీన్ల తర్వాత చదవడం మానేశా. కథ తెలిసిందే కదా, అప్పటి నుంచి హాయిగా ఉంది.

"మంచి సినిమాని మళ్లీ ముట్టుకోవడం ఎందుకు" అని కామెంట్ పెట్టబోయేవాళ్లకి ఒక్క మాట. ఈ కథ సినిమాతో పుట్టలేదు. ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో 'అనార్కలి' నాటకం రాశారు, సినిమాలన్నీ ఆ తర్వాతే. అంటే స్టేజీ వాళ్లు తమ సొత్తు తాము తీసుకున్నారు, అంతే. పిన్నిగారికి ఇది చెప్తే "అయితే అద్దాలు కూడా తెచ్చుకోవాల్సింది" అన్నారు.

టికెట్ ధర తక్కువేం కాదు, పైగా మాకు విమానం ఖర్చు కూడా. కథక్, హిందుస్తానీ సంగీతం ఇష్టమైతే ఆలోచించకుండా వెళ్లండి. సినిమాలో ప్రతి డైలాగూ కంఠతా వచ్చినవాళ్లు మాత్రం పోల్చి పోల్చి అలిసిపోతారు. మరీ ముందు వరస తీసుకోకండి. సబ్‌టైటిల్స్ కోసం మెడ తిప్పుతూనే ఉండాలి, డాన్సర్లంతా కలిసి వేసే ఆకారాలూ కనబడవు. మధ్య వరసల్లో, నడవకి దగ్గరగా దొరికితే తీసేసుకోండి.