డాకౌలో గీసిన గీతలు

శ్రోతలకు నమస్కారం.

పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసి కూడా బొమ్మలు గీసిన ఒక ఖైదీ గురించి ఈ రోజు చెబుతాను. ఆయన పేరు జోరాన్ మూషిచ్. 1909లో, ఇప్పటి ఇటలీ సరిహద్దులో ఉన్న గోరీజియా పట్టణానికి దగ్గరలో పుట్టిన స్లొవేనియన్. జాగ్రెబ్‌లో చిత్రకళ చదివాడు, మాడ్రిడ్ వెళ్లి స్పెయిన్ చిత్రకారుడు గోయా చిత్రాల ముందు కూర్చుని నకళ్లు తీశాడు. 1944లో వెనిస్‌లో ఉండగా నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో అరెస్టు చేసి, జర్మనీలోని డాకౌ నిర్బంధ శిబిరానికి పంపింది.

ఆ చలికాలం శిబిరంలో టైఫస్ జ్వరం వ్యాపించింది. దహనానికి బొగ్గు చాలక శవాలు గుట్టలుగా పడి ఉండేవి. మూషిచ్ వాటినే గీశాడు. దొరికిన కాగితం ముక్కలు, నీళ్లు కలిపి పలుచన చేసిన సిరా, అంతే. ఆ బొమ్మల్లో ఏడుపూ లేదు, ఆవేశమూ లేదు. వెనక్కి వాలిన తల, తెరుచుకున్న నోరు, పుల్లల్లాంటి వేళ్లు. ప్రతి గీతా పొందికగా, దాదాపు సుకుమారంగా ఉంటుంది. చూసేవారికి ఇబ్బంది కలిగించేది ఆ సుకుమారమే అని నాకనిపిస్తుంది. కొన్నింటి మీద 'డాకౌ 1945' అని రాసి ఉంటుంది. గీసినవాటిలో చాలావరకు పోయాయి, కొన్ని మాత్రం మిగిలాయి.

1945 ఏప్రిల్ 29న అమెరికన్ సైన్యం శిబిరాన్ని విడిపించింది. మూషిచ్ వెనిస్ చేరుకున్నాడు. ఆ తర్వాత ఆయన గీసినవి ఏమిటనుకున్నారు? క్రొయేషియాలోని డాల్మేషియా తీరపు గాడిదలు, చిన్న చిన్న గుర్రాలు, ఇటలీలోని సియెనా పరిసరాల బోడి గుట్టలు. అన్నీ మరిచిపోయాడని విమర్శించడం తేలిక. ఆ గుట్టలను కాస్త నిదానంగా చూడండి. ఎముకల మీద చర్మం బిగిసినట్టు కనిపిస్తాయి. 1956లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ముద్రణ చిత్రాలకు పెద్ద బహుమతి కూడా వచ్చింది.

శవాలు మళ్లీ కాన్వాసు మీదికి రావడానికి పాతికేళ్లు పట్టింది. 1970లో, వియత్నాం యుద్ధం ఇంకా సాగుతున్న రోజుల్లో, ఒక చిత్రమాల మొదలుపెట్టి 'మేము చివరివాళ్లం కాదు' అని పేరు పెట్టాడు. ఇలాంటిది ఇక జరగదని, ఇది చూసే చివరివాళ్లం మనమేనని శిబిరంలో ఖైదీలు ఒకరికొకరు చెప్పుకునేవారట. ఆ మాటకు ఆయన ఇచ్చిన జవాబు ఈ పేరు. ఈ చిత్రాల్లో ముఖాలు పోలిక పట్టలేనంతగా కరిగిపోయి ఉంటాయి. డాకౌ అన్న పేరు లేకపోతే ఏ దేశపు శవాలో చెప్పలేం. 1995లో పారిస్‌లోని గ్రాన్ పాలే అనే ప్రదర్శనశాలలో ఆయన జీవితకాలపు చిత్రాలతో పెద్ద ప్రదర్శన జరిగింది. పదేళ్ల తర్వాత, 96 ఏళ్ల వయసులో, వెనిస్‌లో కన్నుమూశాడు.